నంబరు తెలియని లారీ

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి మీదుగా తిరుపతికి మీరు ఎప్పుడైనా బస్సులో వెళ్ళి ఉంటే ఆ రోడ్డు మీకు గుర్తుండే ఉంటుంది. పూర్వం దాన్ని 205వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడది 716. తిరుత్తణి కొండ దాటి కొంత దూరం పోతే సరిహద్దు వస్తుంది, అవతల నగరి. ఆడికృత్తికకు కావళ్ళు మోసుకొచ్చే భక్తులకూ, పెరటాసి నెలలో తిరుమలకు నడిచిపోయే వాళ్ళకూ, పూలబుట్టలు కట్టుకున్న మోపెడ్లకూ, సరుకు లారీలకూ అదే దారి. తెల్లవారుజామున ఒక లారీ మనిషిని కొట్టి ఆగకుండా పోయిందంటే, పోలీసులు వచ్చేసరికి అది వేరే రాష్ట్రంలో ఉంటుంది.

మా వీధిలో ఒక పెద్దాయనకు ఇదే జరిగింది. చుట్టరికం లేకపోయినా ఊరి వరుసన ఆయన్ను చిన్నాయన అంటాను. 2023లో మల్లెపూలు వేసుకొని అంగడికి పోతుంటే వెనక నుంచి లారీ తగిలింది. కాలి ఎముక విరిగింది. టీకొట్టు మనిషి ఒకడు లారీ వెనక ‘ఏపీ 39’ అన్నంతవరకు చూశాడు. తక్కిన అంకెలు దుమ్ములో కలిసిపోయాయి. ఒకప్పుడు ఏపీ 03 అంటే చిత్తూరు జిల్లా బండి అని చిన్నపిల్లలు కూడా చెప్పేవారు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త బండ్లకు జిల్లాతో పని లేకుండా 39 ఒక్కటే ఇస్తూ వచ్చారు. చిన్నాయనను కొట్టింది నగరి లారీయో, శ్రీకాకుళం లారీయో ఆ రెండంకెలు చెప్పవు.

నేను తమిళమూ తెలుగూ రెండూ చదివిన బడి అయ్యవారిని. అర్జీలు రాసే పని ఎట్లాగూ నా మీద పడుతుంది. ఆ అర్జీ రాయబోయి, దాని వెనక ఉన్న చరిత్ర కొంత తెలుసుకున్నాను. మీకు చెప్పాలనుకున్నది అదే.

మొదట ఈ సరిహద్దు సంగతి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండి ఆంధ్రలోకి వెళ్ళింది. ఇటు మా.పొ.శివజ్ఞానం గారి ఉద్యమం, అటు ఆంధ్రుల వాదన. చివరకు హెచ్.వి. పటాస్కర్ గారి మధ్యవర్తిత్వం మీద 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది, బదులుగా సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వెళ్ళింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టిన ఊరు ఆయన ఉపరాష్ట్రపతిగా ఉండగానే రాష్ట్రం మారిందన్నమాట. మా తాతల కాలంలో కచేరి పని అంటే చిత్తూరు పోవడం. మాకు తిరువళ్ళూరు. ఆ పేరుతో జిల్లా ఏర్పడింది 1997లో.

ఇక చట్టం సంగతి. ఆ తాతల కాలంలో లారీ కింద పడి ఇంటి యజమాని పోతే భార్యాబిడ్డలకు ఉన్న ఆధారం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం. దాని కింద సివిలు కోర్టులో దావా వేయాలి. అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. అన్నిటికీ మించి ప్రతివాది పేరు రాయాలి. కొట్టినవాడు ఎవరో తెలియకపోతే దావా ఎవరి మీద వేస్తారు? 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. ఎదుటివారికి కలిగే నష్టానికి బీమా తప్పనిసరి అన్న నిబంధన 1946లో అమలయింది. 1956 సవరణతో ప్రత్యేక ట్రిబ్యునళ్ళకు చోటు కలిగింది. ఇవన్నీ మంచివే. కానీ బీమా కంపెనీ పేరు తెలియాలంటే బండి నంబరు తెలియాలి గదా! పారిపోయిన లారీ విషయంలో ఈ మూడు మెట్లూ ఎక్కినా తలుపు మూసే ఉండేది.

ఇంగ్లండులో ఈ చిక్కును బీమా కంపెనీలే కొంత విప్పాయి. 1946లో అవన్నీ కలిసి ఒక సంస్థగా ఏర్పడి, బీమా లేని బండ్ల వల్ల గాయపడ్డవారికి డబ్బివ్వడానికి ఒప్పుకున్నాయి. ఆచూకీ తెలియని బండ్ల కోసం 1969లో మరో ఒప్పందం చేసుకున్నాయి. యూరప్‌లో 1953 నుంచి గ్రీన్ కార్డు పద్ధతి నడుస్తున్నది. ఫ్రాన్సు లారీ జర్మనీలో మనిషిని కొడితే, ఆ మనిషి ఫ్రాన్సు పోనక్కరలేదు, తన దేశంలోని సంస్థనే అడగవచ్చు.

మన లా కమిషన్ 1972లో తన 51వ నివేదికను ప్రత్యేకంగా ఈ పారిపోయే బండ్ల మీదనే ఇచ్చింది. అది చట్టం కావడానికి పదేళ్ళు పట్టింది. 1982 అక్టోబరు 1 నుంచి, బండి ఏదో తెలియకపోయినా చనిపోయినవారి కుటుంబానికి 5,000 రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి 1,000 రూపాయలు వచ్చే ఏర్పాటు జరిగింది. ప్రతివాది పేరు లేకుండా అర్జీ పెట్టుకోవడం అప్పుడే మొదలు. కొత్తగా చేసిన 1988 చట్టం ఆ మొత్తాలను 8,500కు, 2,000కు పెంచింది. 1994 సవరణ 25,000, 12,500 చేసింది. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళకు పైగా ఒక్క రూపాయి పెరగలేదు. ఆ కాలంలో పెరగని ధర ఏదైనా ఉంటే మీరే చెప్పండి! 2019 సవరణ ప్రకారం 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు అయింది.

1994 సవరణ సరిహద్దు వాళ్ళకు మరొక మేలు చేసింది. అంతకు ముందు ప్రమాదం జరిగిన చోటి ట్రిబ్యునలుకే పోవాలి. నగరిలో దెబ్బ తగిలిన తిరుత్తణి మనిషి ఆంధ్రలోని కోర్టు చుట్టూ తిరగవలసిందే. అప్పటినుంచి తాను కాపురముండే చోట కూడా అర్జీ వేసుకోవచ్చు. మేమిక్కడ ఎరిగినంతలో గ్రీన్ కార్డుకు దగ్గరగా వచ్చేది ఇదే. అయితే ఇదీ నంబరు దొరికినప్పటి మాట.

చిన్నాయన అసలు అర్జీయే వద్దన్నాడు. ‘లారీ దొరకనీ, అప్పుడు చూస్తాం’ అని ఇంట్లోవాళ్ళ మాట. ఇక్కడే చాలామంది పొరబడతారు. లారీ దొరకకపోవడమే ఈ పథకానికి అర్హత. అర్జీ పెట్టవలసింది కోర్టులో కాదు, తాసిల్దారు స్థాయి రెవిన్యూ అధికారి దగ్గర. ఆయన విచారించి నెలలోపల కలెక్టరుకు నివేదిక పంపాలి. కలెక్టరు పదిహేను రోజుల్లో మంజూరు చేయాలి. బీమా కంపెనీల మండలి డబ్బును నేరుగా బ్యాంకులో వేస్తుంది. తర్వాత ఎప్పుడైనా లారీ దొరికి ట్రిబ్యునలు పరిహారం ఇప్పిస్తే, ఈ మొత్తం అందులోనుంచి తిరిగి పోతుంది.

ఎముక విరిగితే చట్టం లెక్కలో తీవ్ర గాయమే, ఆ విషయంలో తగాదా లేదు. చిక్కు మరొక చోట వచ్చింది. ఆ రోజు ఆయన్ను సరిహద్దు దాటించి తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. చేర్చేటప్పుడు ఎలా జరిగిందని అడిగితే, కంగారులో కొడుకు ‘బండి మీదనుంచి పడిపోయినాడు’ అన్నాడట. డిశ్చార్జి కాగితంలో అదే రాశారు. లారీ ఊసే లేదు! ఇటు తమిళంలో ఉన్న ఎఫ్.ఐ.ఆర్.లో మాత్రం ఆనవాలు తెలియని లారీ వెనకనుంచి ఢీకొట్టిందని స్పష్టంగా ఉంది. రెండు కాగితాలు రెండు కథలు చెబుతుంటే అధికారి ఏది నమ్మాలి? కొడుకు చేత వివరణ రాయించి, టీకొట్టు మనిషి వాంగ్మూలం జతచేసి, ఏ కాగితంలో ఏముందో రెండో భాషలో రాసి ఇచ్చేసరికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే, జరగకూడదు గాని, ఆసుపత్రిలో చెప్పే మొదటి మాట చూసుకొని చెప్పండి.

ఈ పథకం సంగతి పోలీసులే చెప్పాలని సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఆదేశించింది. కోయంబత్తూరు ఎముకల వైద్యులు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ గారు 2012లో వేసిన వ్యాజ్యంలో వచ్చిన ఆదేశమిది. నెలరోజుల్లో బండి ఆచూకీ దొరకకపోతే, పరిహారం అడగవచ్చని బాధితులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. చిన్నాయనకు ఆ ఆదేశం ఆలస్యమైంది. అదే నెలలో, కొట్టి పారిపోతే పదేళ్ళ శిక్ష అన్న కొత్త నిబంధన మీద లారీ డ్రైవర్లు దేశమంతా సమ్మె చేశారు. ఆగితే జనం చంపేస్తారన్నది వాళ్ళ భయం. ఆ భయం ఉత్తది కాదు, నేను చూశాను. ఆ నిబంధనను ఆపి ఉంచి తక్కిన చట్టాన్ని 2024 జులై 1న అమల్లోకి తెచ్చారు.

విచారణకు పిలుపు వచ్చినప్పుడు చిన్నాయన ఊతకర్రతో వచ్చాడు. అధికారి తమిళంలో అడిగినదానికి తమిళంలోనే జవాబు చెప్పాడు. నొప్పి గురించి చెప్పేటప్పుడు మాత్రం తెలుగులోకి వచ్చేశాడు. యాభై వేలు పడటానికి ఆ పైన కొన్ని నెలలు పట్టింది. ఫోనులో సందేశం ఇంగ్లీషులో వచ్చింది. నా దగ్గరికి తెచ్చి చదివించుకున్నాడు. రెండుసార్లు చదివి వినిపించాను.

‘ఆ లారీ ఎవురిదో అందులో రాసినారా, అయివోరా?’ అన్నాడు.

రాయలేదని చెప్పాను.