తుందుర్రు చెప్పే పాఠం

పాపికొండల మధ్య మనం చూసే గోదావరి ధవళేశ్వరం దాటాక కాలువలుగా చీలి చేలకు పోతుంది. చేలలో మిగిలిన నీరు మురుగు కాలువల్లోకి దిగి సముద్రం చేరుతుంది. వాటిని అక్కడ డ్రెయిన్లంటారు. భీమవరం ప్రాంతంలోని గొంతేరు అలాంటిదే. పేరుకు డ్రెయినే గాని, అందులో వల వేసి బతికే కుటుంబాలున్నాయి. ఆ నీటి కోసమే తుందుర్రు ఉద్యమం పుట్టింది.

డెల్టాలో 1990 తర్వాత చాలా వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. మొదట టైగర్ రొయ్య పెంచారు. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి రైతులు దెబ్బతిన్నారు. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తర్వాత 2005లో వచ్చిన చట్టం రిజిస్ట్రేషన్‌తో సాగుకు దారి ఇచ్చింది. 2009లో వనామి రొయ్య రావడంతో చెరువులు మళ్లీ పెరిగాయి.

ఈ రొయ్య ఎక్కువగా అమెరికాకు పోతుంది. ముందుగా తల తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించాలి. అందుకే ప్లాంట్లు వచ్చాయి. వాటిలో ఎక్కువగా పనిచేసేది ఆడవాళ్లే. కేంద్రం మెగా ఫుడ్ పార్కుల పథకం కింద తుందుర్రులో సుమారు 57 ఎకరాల్లో గోదావరి మెగా ఆక్వా ఫుడ్ పార్కు తలపెట్టారు. దగ్గర్లో ప్లాంటు ఉంటే చెరువుల రైతుకు మేలని, ఊళ్లకు ఉద్యోగాలని చెప్పారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

కాని రొయ్యలు కడిగిన నీటిలో మాంసపు ముక్కలు, పొట్టు కుళ్లుతాయి. శుద్ధి చేయకుండా వదిలితే నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి జనం భయపడింది అందుకే. ముందు నిలబడింది ఆడవాళ్లు. 2016లో 144వ సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు. 2017 మార్చి 30న అదే జిల్లా మొగల్తూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో ట్యాంకులోకి దిగిన ఐదుగురు కార్మికులు విషవాయువుకు చనిపోయారు. ఊళ్ల భయం ఉత్తది కాదని అప్పుడు అందరికీ తెలిసింది.

వ్యర్థజలాన్ని పైపులైను వేసి సముద్రంలో కలుపుతామని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట ఉద్యమం వల్లే వచ్చింది. పార్కు మాత్రం ఆగలేదు. కేంద్ర మంత్రి దాన్ని ప్రారంభించారు.

ఆ 1996 డిసెంబరులోనే, 24వ తేదీన, మన షెడ్యూల్డ్ ప్రాంతాలకు పెసా చట్టం వచ్చింది. అభివృద్ధి పనులకు భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలని అది చెబుతుంది. తుందుర్రు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఆ ఊరివాళ్లు రోడ్డెక్కి అడగాల్సి వచ్చినదాన్ని మనం గ్రామసభలో కూర్చుని అడగవచ్చు.

సంప్రదించడమంటే ఒప్పుకోవడం కాదు. అయినా నీరు ఎటు పోతుంది, ట్యాంకులోకి ఎవరు దిగుతారు, పని ఎవరికి అన్న ప్రశ్నలు ముందే అడిగి, తీర్మానంలో రాయించి, సంతకాలు పెట్టించాలి. రాయించని మాటకు ఆఫీసుల్లో విలువ ఉండదు. చదువుకున్న మన పిల్లలు ఊరికి చేయగలిగిన మొదటి పని ఇదే.