తెలుగు పాటల ఎల్.పి. సంకలనాలు

తెలుగు పాటల ఎల్.పి. సంకలనాలు అనగా మొదట 78 ఆర్.పి.ఎం. గ్రామఫోను రికార్డులుగా వెలువడి, తరువాత అంగళ్ళలో దొరకకుండా పోయిన తెలుగు సినిమా పాటలను, ప్రైవేటు గీతాలను, నాటక పద్యాలను ఏర్చి కూర్చి వినైల్ రికార్డులపై తిరిగి విడుదల చేసిన సంపుటాలు. వీటిలో వి.ఎ.కె. రంగారావు హెచ్.ఎం.వి. సంస్థకు కూర్చిపెట్టిన 'అలనాటి అందాలు' ప్రసిద్ధమైనది. పాశ్చాత్య దేశాలలో సంగీత బృందాల అరుదైన పాటలను ఎల్.పి.గా తెచ్చే సంప్రదాయానికి తెలుగులో దగ్గరగా వచ్చే ప్రక్రియ ఇదే. అయితే అక్కడ ఆ పని సాధారణంగా బృందం తన పాటలకు తానే చేసుకొంటుంది. తెలుగులో అది ఎక్కువగా సేకర్తల చేతుల మీదుగా జరిగింది.

నేపథ్యం

భారతదేశంలో గ్రామఫోను కంపెనీ తొలి ధ్వనిముద్రణలు 1902 నవంబరులో కలకత్తాలో జరిగాయి. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజనీరు గౌహర్ జాన్ మొదలైన గాయనీమణుల పాటలను ముద్రించగా, రికార్డులు జర్మనీలోని హనోవరులో తయారై ఓడలలో తిరిగి వచ్చేవి. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం వెలిసిన తరువాత రికార్డులు ఇక్కడే తయారుకాసాగాయి. ఆ కర్మాగారం తరువాత డమ్‌డమ్‌కు మారింది. తెలుగు పాటల ధ్వనిముద్రణకు మద్రాసు కేంద్రమైంది.

నాటి రికార్డులు లక్కతో చేసినవి. చేయి జారితే పగిలిపోతాయి. పది అంగుళాల రికార్డు ఒక పక్కన సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. పన్నెండు అంగుళాల దానిపై మరొక నిమిషమో, నిమిషంన్నరో అధికంగా పట్టేది. ఈ మూడు నిమిషాల హద్దు తెలుగు పాట రూపాన్నే నిర్ణయించిందంటే అతిశయోక్తి కాదు. రంగస్థలంపై అరగంట సాగే రాగాలాపన రికార్డుపైకి వచ్చేసరికి ఒక చిన్న సంగతిగా కుదించుకుపోయింది. పొడవైన అంశాన్ని రెండు పక్కలకు పంచి 'మొదటి భాగం', 'రెండవ భాగం' అని వేసేవారు. నాటకాలైతే కొన్ని రికార్డుల సెట్టుగా వచ్చేవి. పల్లెలలో వీటిని 'పాటల ప్లేట్లు' అని పిలిచేవారు.

1948లో అమెరికాలో కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును ప్రవేశపెట్టింది. మరుసటి సంవత్సరం ఆర్.సి.ఎ. సంస్థ 45 ఆర్.పి.ఎం. రికార్డును తెచ్చింది. వినైల్‌తో చేసిన ఎల్.పి. ఒక్కొక్క పక్కన ఇరవై నిమిషాలకు పైగా పాట పడుతుంది. అంటే ఆరు పాత ప్లేట్లు ఒక్క రికార్డులో ఇమిడిపోతాయి. సంకలనం అనే ఊహ కార్యరూపం దాల్చడానికి ఈ సౌకర్యమే మూలం. భారతదేశంలో మాత్రం 78 ఆర్.పి.ఎం. రికార్డులు 1960లలో కూడా తయారవుతూనే ఉన్నాయి. బీటిల్స్ బృందం పాటలను సైతం ఇక్కడ ఆ పాత పద్ధతిలో వేశారు. నేడు ప్రపంచవ్యాప్తంగా సేకర్తలు వాటికోసం వెదకుతుంటారు.

అరుదైన పాట అంటే ఏమిటి

పాశ్చాత్య దేశాలలో సింథ్ పాప్ బృందాలు ఒక పాటను సింగిల్‌గా విడుదల చేసినప్పుడు, రెండవ పక్కన ఆల్బములో చేరని మరొక పాటను ఉంచడం ఆనవాయితీ. కాలక్రమేణా ఇటువంటి పాటలు పోగుపడతాయి. పెట్ షాప్ బాయ్స్ బృందం 1985 నుండి 1994 వరకు ఇలా వెలువడిన 30 పాటలను 1995లో 'ఆల్టర్నేటివ్' పేరిట సంకలనంగా తెచ్చింది. అది రెండు సి.డి.లుగాను, పరిమిత సంఖ్యలో మూడు వినైల్ రికార్డులుగాను వెలువడింది. న్యూ ఆర్డర్ బృందం 1987లో తెచ్చిన 'సబ్‌స్టన్స్' ఇటువంటిదే.

తెలుగులో పాట అరుదు కావడానికి కారణాలు వేరు. 1932లో విడుదలైన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు లభ్యం కాదు. 1930లలోని మరికొన్ని చిత్రాల పరిస్థితీ ఇదే. చిత్రం పోయిన చోట పాటల పుస్తకం, గ్రామఫోను రికార్డు మాత్రమే సాక్ష్యాలు. పైగా నేపథ్య గానం రాకముందు నటీనటులు చిత్రీకరణ సమయంలోనే పాడేవారు కాబట్టి, రికార్డు కోసం అదే పాటను మరల ప్రత్యేకంగా పాడించి ముద్రించేవారు. ఆ కారణంగా సినిమాలోని పాట, రికార్డులోని పాట ఒకటి కావు. నేపథ్య గానం స్థిరపడిన తరువాత కూడా మూడు నిమిషాల హద్దు వల్ల చరణాలు తగ్గించడం, కొన్ని పాటలను, పద్యాలను రికార్డుగా వేయకుండా వదిలివేయడం జరిగింది.

ఇక సినిమాలతో సంబంధం లేని ప్రైవేటు రికార్డులు మరొక తరగతి. ఘంటసాల పాడిన జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలు 'పుష్పవిలాపం', 'కుంతీకుమారి', వింజమూరి అనసూయ, సీత సోదరీమణుల జానపద గీతాలు, రావు బాలసరస్వతీదేవి లలిత గీతాలు ఈ కోవలోనివి. 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' చరిత్ర ఇక్కడ గమనించదగినది. శంకరంబాడి సుందరాచారి 1942లో 'దీనబంధు' చిత్రం కోసం దీనిని రచించగా చిత్రంలో చేరలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతుతో రికార్డుగా వచ్చి ప్రజల నోళ్ళలో నిలిచింది. 1975లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం అయింది. ఆ ప్లేటు రాకపోయి ఉంటే ఆ గీతానికి అంతటి ప్రచారం దక్కేది కాదు.

అలనాటి అందాలు

మద్రాసులో నివసించిన వి.ఎ.కె. రంగారావు సంగీత, నృత్య విమర్శకుడు, సినిమా చరిత్రకారుడు. 'ఆలాపన' శీర్షికతో ఆయన రాసిన వ్యాసాలు ప్రసిద్ధి పొందాయి. వేల సంఖ్యలో ఆయన సేకరించిన 78 ఆర్.పి.ఎం. రికార్డులు లిమ్కా రికార్డుల పుస్తకంలో చోటు సంపాదించాయి. ఈ నిధి నుండి ఎంపిక చేసిన పాత సినిమా పాటలతో హెచ్.ఎం.వి. 'అలనాటి అందాలు' ఎల్.పి.లను తెచ్చింది. రికార్డులు తయారుచేసిన కంపెనీల వద్ద కూడా పాత లోహపు అచ్చులన్నీ నిలవలేదు. అటువంటప్పుడు సేకర్త ఇంటిలోని ప్లేటే మూలప్రతి అవుతుంది. అభిమాన గాయకుల విజయవంతమైన పాటలను గుదిగుచ్చే 'హిట్స్' రికార్డులకు, దీనికి గల తేడా ఇదే. మొదటిది అందరికీ తెలిసిన పాటను మళ్ళీ అమ్ముతుంది. రెండవది మరుగున పడిన పాటను వెలికితీస్తుంది.

ఎల్.పి.గా మార్చే విధానం

లక్క రికార్డు గాడి వెడల్పు. దానికి సుమారు 75 మైక్రాన్ల సూది అవసరం. ఎల్.పి. సూది సుమారు 25 మైక్రాన్లు లేదా అంతకు తక్కువ. సన్న సూదితో పాత ప్లేటును వేస్తే అది గాడి అడుగున రాసుకొని పాట కంటే బరబర ధ్వనే ఎక్కువ వినిపిస్తుంది. వేగం మరొక చిక్కు. 1925 ప్రాంతంలో విద్యుత్ ధ్వనిముద్రణ రాకముందు రికార్డులన్నీ కచ్చితంగా 78 చుట్ల వేగంతో ముద్రించినవి కావు. వేగం తప్పితే శ్రుతి మారుతుంది, గాయని గొంతు వయసే మారిపోయినట్లు తోస్తుంది. గరగర శబ్దాన్ని పూర్తిగా తొలగించాలని ప్రయత్నిస్తే హెచ్చు స్థాయి ధ్వనులు కూడా పోయి పాట మొద్దుబారుతుంది.

మోనోలో ముద్రించిన పాటలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో స్టీరియోగా మార్చి విడుదల చేసిన ఎల్.పి.లు కూడా ఉన్నాయి. ఇవి వినడానికి కృత్రిమంగా ఉంటాయి. పాత హెచ్.ఎం.వి. రికార్డులలో 'ఇ.సి.ఎల్.పి.' అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్య మోనోను, 'ఇ.సి.ఎస్.డి.' స్టీరియోను సూచిస్తుంది.

ఎల్.పి. యుగం ముగింపు

1970లలో, 1980ల తొలినాళ్ళలో తెలుగు ఎల్.పి. వెలుగు వెలిగింది. ఘంటసాల మరణం (1974) తరువాత వెలువడిన భగవద్గీత, 'ముత్యాల ముగ్గు' (1975) సంభాషణలు, 'శంకరాభరణం' పాటలు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన అన్నమాచార్య కీర్తనల రికార్డులు ఇంటింటా వినిపించాయి. అదే కాలంలో సింథసైజరు దక్షిణాది పాటలోకి ప్రవేశించింది. బప్పీ లహరి సంగీతం కూర్చిన 'సింహాసనం' (1986), ఇళయరాజా సీక్వెన్సరు వాడిన తమిళ 'పున్నగై మన్నన్' (1986, తెలుగులో 'డాన్స్ మాస్టర్') ఇందుకు ఉదాహరణలు. కానీ అప్పటికే చౌకైన క్యాసెట్టు బజారును ఆక్రమించింది. 1990ల ఆరంభానికి భారతదేశంలో ఎల్.పి. తయారీ దాదాపు నిలిచిపోయింది.

ముంబైకి చెందిన చరణ్‌జిత్ సింగ్ 1982లో యమన్, భైరవి వంటి పది రాగాలను సింథసైజరుపై డిస్కో తాళంలో వాయించగా హెచ్.ఎం.వి. ఎల్.పి.గా వేసింది. అది పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో విదేశాలలో తిరిగి విడుదలైనప్పుడు, 1987లో షికాగోలో పుట్టిందని భావించే యాసిడ్ హౌస్ శైలికి ఐదేళ్ళ ముందే ఇది వచ్చిందని విమర్శకులు ఆశ్చర్యపోయారు. ఆనాటి తెలుగు సింథసైజరు పాటలకు ఇటువంటి ఆదరణ ఇంకా లభించలేదు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంత వంటి పాత సామాను బజార్లలో అట్టపెట్టె చిరిగిన ఎల్.పి.లు తూకానికి వెళ్ళకుండా మిగిలితే అది కొనేవారి చలవే.

కాపీహక్కులు

భారతీయ చట్టం ప్రకారం ధ్వనిముద్రణపై కాపీహక్కు, ప్రచురించిన సంవత్సరం తరువాతి సంవత్సరారంభం నుండి 60 ఏళ్ళు ఉంటుంది. దీనిని బట్టి 1964 చివరి వరకు విడుదలైన రికార్డులు 2025 జనవరి 1 నాటికి ఉమ్మడి సొత్తు అయ్యాయి. అయితే సాహిత్యం, సంగీత రచనలపై హక్కు వేరు. అది రచయిత మరణానంతరం 60 ఏళ్ళు కొనసాగుతుంది. కాబట్టి పాత ప్లేటును భద్రపరచే వ్యక్తి రికార్డుపై ఉన్న సంవత్సరంతో పాటు కవి, స్వరకర్తల వివరాలను కూడా నమోదు చేయవలసి ఉంటుంది. చాలా లేబుళ్ళపై కవి పేరు గాని, విడుదల సంవత్సరం గాని ఉండదు. అటువంటి రికార్డుల కాలాన్ని వాటి క్రమసంఖ్యను బట్టి, నాటి కంపెనీ జాబితాలను బట్టి నిర్ణయిస్తారు.