జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రోడ్లు: ఏ హైవే ఎటు పోతుంది.. ట్రాఫిక్ ఎందుకు పెరిగింది.. విస్తరణతో ఏం మారుతుంది?

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలకు ఒక పోలిక ఉంది. మూడింటికీ ఊరి మెయిన్ రోడ్డే హైవే. లారీలు, ఆర్టీసీ బస్సులు, వడ్ల ట్రాక్టర్లు, స్కూల్ ఆటోలు, బైకులు అన్నీ ఒకే రోడ్డు మీద నడవాల్సిందే. జిల్లాలు కొత్తగా వచ్చాయి, కలెక్టరేట్లు వచ్చాయి, బండ్లు పెరిగాయి. రోడ్డు వెడల్పు మాత్రం చాలాచోట్ల పాత లెక్కలోనే ఉంది. ఈ మూడు పట్టణాల మీదుగా వెళ్లే రోడ్లు ఏవి, వాటి విస్తరణ సంగతేంటి, భూమి పోయే రైతుకు చట్టంలో ఏముంది.. వివరాలు ఇవీ.

ఏ రోడ్డు ఎటు?

జగిత్యాల, కోరుట్లకు ప్రధానమైనది 63వ నంబర్ జాతీయ రహదారి. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే ఈ రోడ్డు బోధన్, నిజామాబాద్, ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి మీదుగా సాగుతుంది. రాయపట్నం దగ్గర గోదావరి దాటి లక్సెట్టిపేట, మంచిర్యాల, చెన్నూరు నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు పోతుంది. 2010లో దేశవ్యాప్తంగా హైవేల నంబర్లు మార్చకముందు నిజామాబాద్-జగ్దల్‌పూర్ రోడ్డుకు 16వ నంబర్ ఉండేది. పాత డ్రైవర్లు కొందరు ఇప్పటికీ ఆ నంబరే చెబుతారు.

జగిత్యాల దగ్గరే 563వ నంబర్ జాతీయ రహదారి మొదలవుతుంది. ఇది గంగాధర, కరీంనగర్, హుజూరాబాద్, వరంగల్, తొర్రూరు మీదుగా ఖమ్మం చేరుతుంది. అంటే జగిత్యాల రెండు జాతీయ రహదారులు కలిసే జంక్షన్. పట్టణంలో రద్దీకి ఇదొక పెద్ద కారణం.

సిరిసిల్లకు వచ్చేది 365బీ జాతీయ రహదారి. సూర్యాపేట నుంచి జనగామ, దుద్దెడ, సిద్దిపేట మీదుగా సిరిసిల్ల వరకు ఉంటుంది. సిరిసిల్ల నుంచి వేములవాడ, చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్లకు వెళ్లేది రాష్ట్ర పరిధిలోని రోడ్డు. 365బీని కోరుట్ల వరకు పొడిగించాలన్న డిమాండ్ ఈ ప్రాంతంలో చాలాకాలంగా వినిపిస్తోంది. పొడిగిస్తే సిద్దిపేట, సిరిసిల్ల వైపు నుంచి వచ్చే బండ్లు కరీంనగర్ వెళ్లకుండానే నేరుగా 63వ నంబర్ రోడ్డును అందుకోవచ్చు. వేములవాడ రాజన్న దర్శనానికి వచ్చే భక్తులకూ దారి మెరుగవుతుంది.

ట్రాఫిక్ ఎందుకు పెరిగింది?

మొదటి కారణం జిల్లాల విభజన. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలయ్యాయి. అంతకుముందు కరీంనగర్‌కు పోయే పనులన్నీ ఈ పట్టణాలకే వచ్చాయి. చుట్టుపక్కల మండలాల జనం ఆఫీసులకు, ఆస్పత్రులకు, కాలేజీలకు రోజూ ఇక్కడికే వస్తున్నారు.

రెండోది పంట. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతం పసుపుకు పేరు. ఇక్కడి పసుపు నిజామాబాద్ మార్కెట్‌కు పోయేది ఈ రోడ్డు మీదే. జగిత్యాల దగ్గర చల్‌గల్ మామిడి మార్కెట్ నుంచి ఉత్తరాది రాష్ట్రాలకు లోడ్లు వెళ్తాయి. వరి కోతలప్పుడు కొనుగోలు కేంద్రాలు, రైస్ మిల్లుల మధ్య ట్రాక్టర్లు, లారీలు బారులు తీరుతాయి. సిరిసిల్లలో సాంచాల మీద నేసే బట్ట, దానికి కావాల్సిన నూలు కూడా రోడ్డు మీదే కదలాలి.

మూడోది గల్ఫ్. ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల పల్లెల నుంచి దుబాయ్, మస్కట్, సౌదీ వెళ్లినవారు వేలల్లో ఉంటారు. వాళ్లను పంపడానికి, తీసుకురావడానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు కార్లు రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి.

రైలు లేదా అంటే ఉంది. పెద్దపల్లి-కరీంనగర్-నిజామాబాద్ లైన్ 2017లో పూర్తయింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దీని మీదే ఉన్నాయి. కానీ ఈ లైన్ మీద నడిచే రైళ్లు తక్కువ. మనోహరాబాద్-కొత్తపల్లి లైన్‌కు 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట వరకు రైలు మొదలైంది. సిరిసిల్లకు ఇంకా ముందుకు రావాల్సి ఉంది. అందుకే జనానికి బస్సు, కారు, బైకే దిక్కు.

ట్రాఫిక్‌ను ఎలా లెక్కిస్తారు?

రోడ్డు వెడల్పు చేయాలా వద్దా అనేది ఎన్ని బండ్లు పోతున్నాయన్న దాన్ని బట్టే తేల్చరు. ఏ బండి ఎంత జాగా తీసుకుంటుందో కూడా చూస్తారు. దీనికి ‘పీసీయూ’ అనే కొలత వాడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కారు లేదా ఆటో ఒక యూనిట్. బైక్ అర యూనిట్. బస్సు లేదా లారీ 3 యూనిట్లు. ట్రాలీ కట్టిన ట్రాక్టర్ 4.5 యూనిట్లు. ఎడ్లబండి అయితే ఏకంగా 8 యూనిట్లు.

దీన్ని ఇక్కడి రోడ్డుకు అన్వయిస్తే విషయం అర్థమవుతుంది. వడ్ల సీజన్‌లో 100 ట్రాలీ ట్రాక్టర్లు రోడ్డెక్కితే అవి 450 కార్లతో సమానం. మైదాన ప్రాంతంలో రెండు వరుసల రోడ్డు రోజుకు 15 వేల పీసీయూల వరకు సాఫీగా మోయగలదని ఇదే ప్రమాణాలు చెబుతాయి. నాలుగు వరుసలైతే 35 వేలు. అంటే వరుసలు రెండింతలైతే మోసే శక్తి రెండింతల కంటే ఎక్కువే పెరుగుతుంది. ఎందుకంటే ఓవర్‌టేక్ చేయడానికి ఎదురు లేన్‌లోకి పోవాల్సిన పని ఉండదు. ఎదురెదురుగా ఢీకొట్టుకునే ప్రమాదాలు తగ్గేదీ ఇందుకే.

విస్తరణ ఎక్కడిదాకా వచ్చింది?

563వ నంబర్ రోడ్డులో కరీంనగర్-వరంగల్ మధ్య 68 కిలోమీటర్లను నాలుగు వరుసలు చేసే పనికి 2023 జులై 8న వరంగల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. అదే రోడ్డులో మిగిలిన జగిత్యాల-కరీంనగర్ భాగాన్నీ, 63వ నంబర్ రోడ్డులో ఆర్మూర్-జగిత్యాల-మంచిర్యాల భాగాన్నీ నాలుగు వరుసలు చేయాలన్న ప్రతిపాదనలు ఉన్నాయి.

ఇక్కడే అసలు చిక్కు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల మధ్యలోంచి వెళ్లే పాత రోడ్డునే వెడల్పు చేయాలంటే రెండు పక్కలా షాపులు, ఇండ్లు పోతాయి. ఊరి బయటి నుంచి కొత్తగా వేస్తే పొలాలు పోతాయి. ఊళ్లు తప్పించి కొత్త దారిలో వేసే పద్ధతిని గ్రీన్‌ఫీల్డ్ అంటారు. 63వ నంబర్ రోడ్డు విషయంలో కొత్త అలైన్‌మెంట్ సాగు భూముల మీదుగా పోతుండటంతో రైతుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. రెండు పంటలు పండే భూమి పోతే మళ్లీ ఆ ధరకు అలాంటి భూమి దొరకదన్నది వాళ్ల బాధ.

బైపాస్ వస్తే లారీలు ఊరి బయట నుంచే వెళ్లిపోతాయి. స్కూల్ పిల్లలకు, వృద్ధులకు రోడ్డు దాటడం తేలికవుతుంది. అయితే హైవే మీద బండ్లు ఆగితేనే నడిచే హోటళ్లు, టైర్ల షాపులు, పండ్ల బండ్లకు గిరాకీ తగ్గుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పొలం ఒకవైపు, ఇల్లు మరోవైపు పడిన రైతుకు అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు లేకపోతే కిలోమీటర్ల కొద్దీ చుట్టూ తిరగాలి. లేదంటే డివైడర్ దాటాలి. కాబట్టి అండర్‌పాస్‌లు ఎక్కడ వస్తాయన్నది డిజైన్ దశలోనే అడగాలి. రోడ్డు పడ్డాక అడిగితే అయ్యే పని కాదు.

భూమి పోయే రైతు తెలుసుకోవాల్సినవి

జాతీయ రహదారులకు భూసేకరణ 1956 నాటి చట్టం ప్రకారం జరుగుతుంది. ముందుగా 3ఏ నోటిఫికేషన్ వస్తుంది. దానిలో సర్వే నంబర్లు ఉంటాయి. గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఆ గడువు దాటితే అవకాశం పోయినట్టే. విచారణ తర్వాత 3డీ ప్రకటన వస్తుంది. దాంతో భూమి కేంద్రానికి చెందుతుంది. 3ఏ వచ్చిన ఏడాదిలోపు 3డీ రాకపోతే ఆ నోటిఫికేషన్ రద్దవుతుంది.

పరిహారాన్ని 3జీ కింద ఖరారు చేస్తారు. 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారుల భూములకూ 2013 భూసేకరణ చట్టం పరిహారమే వర్తిస్తోంది. మార్కెట్ విలువ మీద 100 శాతం సొలేషియం అదనంగా ఇవ్వాలి. బోర్లు, చెట్లు, ఇండ్లకు విడిగా లెక్క కట్టాలి. ఇచ్చిన మొత్తం తక్కువనిపిస్తే ఆర్బిట్రేటర్‌ను ఆశ్రయించవచ్చు. సాధారణంగా జిల్లా కలెక్టరే ఆర్బిట్రేటర్‌గా ఉంటారు.

చాలామంది దెబ్బతినేది మార్కెట్ విలువ దగ్గర. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ, దగ్గర్లో గత మూడేండ్లలో జరిగిన సేల్ డీడ్‌ల సగటు.. ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. కానీ స్టాంప్ డ్యూటీ మిగులుతుందని జనం అసలు ధర కంటే తక్కువకే రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. తీరా భూమి పోయేటప్పుడు ఆ తక్కువ కాగితాలే లెక్కలోకి వస్తాయి. అప్పట్లో మిగిల్చుకున్నది ఇప్పుడు పక్కింటి రైతుకూ నష్టమవుతోంది.

హైదరాబాద్ దగ్గరే ఆగిపోతున్న ప్రయాణం

కరీంనగర్ దాటాక రాజీవ్ రహదారి నాలుగు వరుసలే. దుద్దెడ, రేణికుంట టోల్ ప్లాజాల మీదుగా శామీర్‌పేట దాకా బండి బాగానే సాగుతుంది. శంషాబాద్ పోయేవారు అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిటీలోకి పోకుండానే ఎయిర్‌పోర్టు చేరతారు. 158 కిలోమీటర్ల ఈ ఔటర్ ఎనిమిది వరుసల ఎక్స్‌ప్రెస్ వే. సిగ్నళ్లు ఉండవు. బైకులకు ప్రవేశం లేదు. 2023 జులై చివర్లో ఇక్కడ గరిష్ఠ వేగాన్ని గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు.

జేబీఎస్ వెళ్లే బస్సులకు మాత్రం శామీర్‌పేట నుంచే కష్టాలు మొదలు. తూంకుంట, హకీంపేట, అల్వాల్, తిరుమలగిరి, కార్ఖానా దాకా రోడ్డు పక్కనంతా రక్షణ శాఖ భూములు కావడంతో విస్తరణ ఏండ్ల తరబడి ఆగింది. కేంద్రం భూములకు అనుమతి ఇచ్చాక 2024 మార్చి 7న అల్వాల్‌లో సీఎం రేవంత్ రెడ్డి ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన చేశారు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ జంక్షన్ దాకా సుమారు 18 కిలోమీటర్లు. అంచనా వ్యయం 2,232 కోట్లు. ఇది పూర్తయితే జగిత్యాల, సిరిసిల్ల బస్సుల ప్రయాణ సమయం తగ్గేది ఈ చివరి 18 కిలోమీటర్లలోనే.

రోడ్డు వెడల్పే సరిపోదు

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. వంద మందికి పైగా ఎక్కిన బస్సు అది. చనిపోయిన వారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు, కూలీలు. ఏటవాలు దారి, పరిమితికి మించిన జనం కలిస్తే ఏమవుతుందో ఆ రోజు జగిత్యాల జిల్లా చూసింది. చాలినన్ని బస్సులు లేకపోతే ఎంత వెడల్పు రోడ్డు వేసినా ప్రాణాలకు భరోసా ఉండదు.

రోడ్డు మీద వడ్లు ఆరబోయడం మరో ప్రమాదం. కల్లాలు లేక రైతులు హైవే పక్కనే పోసుకుంటారు. రాత్రిపూట కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు, కప్పిన నల్ల కవర్లు కనిపించక బైకులు పడిపోతున్నాయి. రైతును తిట్టి లాభం లేదు. ఊరికి ఆరబోసుకునే జాగా ఉంటేనే రోడ్డు ఖాళీ అవుతుంది.

ప్రమాదం జరిగితే..

జాతీయ రహదారి మీద ప్రమాదమైనా, బండి ఆగిపోయినా 1033కు ఫోన్ చేయాలి. అంబులెన్స్‌కు 108, పోలీసులకు 100 లేదా 112. గాయపడిన వారిని ఆస్పత్రిలో చేర్చినవారు పేరు చెప్పాల్సిన పని లేదు. సాక్ష్యానికి రమ్మని బలవంతం చేయకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. గుద్దిన బండి ఆచూకీ దొరక్కపోయినా పరిహారం ఉంది. మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇస్తారు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స పథకం కూడా అమల్లోకి వచ్చింది. ఈ పథకం కింద గుర్తించిన ఆస్పత్రుల్లో చేర్చేటప్పుడే ఆ విషయం అడగాలి.