ఇప్పనూనె మర్దన – మన ఇంటి వైద్యం చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే కాదు. మన అవ్వలు ఒంటికి ఏ నూనె రాసేవారు, అది ఎక్కడిది, ఎందుకు తగ్గిపోయింది అన్నదీ చరిత్రే. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, చింతూరు అడవుల్లోని కోయ కుటుంబాలకు ఆ నూనె ఇప్పచెట్టు ఇచ్చింది.

వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. వానలు పడే వేళకు కాయ పండి గింజ దొరుకుతుంది. ఆ గింజల పప్పును ఎండబెట్టి, దంచి, ఆవిరికి ఉడికించి, బరువైన చెక్కల మధ్య నొక్కి నూనె తీసేవాళ్ళం. చలికి గడ్డకట్టిన నూనెను పొయ్యి దగ్గర కరిగించుకునేవాళ్ళం. కూరకూ, దీపానికీ, ఒంటికీ అదే నూనె. పోడు పని నుండి వచ్చినవారి నడుముకు, ముసలివారి మోకాళ్ళకు, పగిలిన మడమలకు, బాలింతకు, చంటిబిడ్డకు రాసి రుద్దేవారు.

ఇందులో మేలు ఉంది. నూనె చర్మాన్ని ఎండిపోనివ్వదు. రుద్దితే బిగిసిన కండలు వదులవుతాయి, నొప్పి కొంత తగ్గుతుంది, నిద్ర పడుతుంది. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు ఒళ్ళంతా మెల్లగా మర్దన చేయవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

మరి ఈ అలవాటు ఎందుకు తగ్గింది? గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న మన ప్రాంతం 1860లో నిజాం నుండి ఇంగ్లీషువారికి, 1874లో మద్రాసు ప్రభుత్వం కిందికి పోయింది. పోడు మీద పన్ను పెరిగింది, చెట్లు కొట్టడం మీద ఆంక్షలు వచ్చాయి. 1879 రంప తిరుగుబాటు మన రేకపల్లి దాకా పాకింది ఇందుకే. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైంది. సంతలో షావుకారు ఉప్పుకూ, బట్టకూ మన గింజను కారుచౌకగా తీసుకున్నాడు. ఆ దోపిడీని ఆపడానికి 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. కానీ గింజ అమ్మడం మిగిలింది, నూనె తీయడం మరిచాం. ఇప్పుడు గింజ అమ్మి పామాయిల్ ప్యాకెట్ కొంటున్నాం.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. ఎముక విరిగినా, పుండు చీము పట్టినా, ఒక్క కాలే వాచి నొప్పి పెడుతున్నా రుద్దకూడదు, ఆసుపత్రికి పోవాలి. పసిబిడ్డ ముక్కులో, చెవుల్లో నూనె పోయకూడదు. మలేరియాకు మర్దన మందు కాదు, రక్తపరీక్ష చేయించాలి.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, చేతిలో పని కూడా ఉండాలి. ఉపాధ్యాయులుగా మనం పిల్లలతో ఊరిలోని ఇప్పచెట్లు లెక్కపెట్టిద్దాం. నూనె తీయడం తెలిసిన అవ్వలను బడికి పిలుద్దాం. ఆ పనిముట్ల పేర్లను కోయభాషలో రాయిద్దాం. వాళ్ళు ఉండగానే ఈ పని జరగాలి.