ఇంటి సొత్తుకు బీమా: ఒక చారిత్రక పరిచయం

1. నష్టం ఎవరు భరించాలి?

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది మరణించారు. ఇళ్లు కూలి నగలు, వెండి సామాను, వంటపాత్రలు, దస్తావేజులు నీటిపాలయ్యాయి. ఇంటి సామానుకు బీమా అప్పటికి సామాన్య కుటుంబాలకు అందుబాటులో ఉన్న ఏర్పాటు కాదు. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం బాధితులకు సహాయం అందించింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా తరువాత ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) నిర్మాణమయ్యాయి.

ఇక్కడ మీరు ఒక తేడా గమనించాలి. జలాశయం ముప్పును తగ్గిస్తుంది. సహాయం ప్రభుత్వ నిర్ణయాన్ని బట్టి అందుతుంది. బీమా మాత్రం ముందే ప్రీమియం చెల్లించినవారికి పరిహారం కోరే హక్కు ఇస్తుంది.

2. బీమా విస్తరణ

1666లో లండన్‌లో జరిగిన పెద్ద అగ్నిప్రమాదం తరువాత అక్కడ అగ్ని బీమా వ్యాపారం మొదలైంది. అది ముందుగా భవనాలకు వర్తించింది. ఇళ్లలో దొంగతనానికి బీమా 19వ శతాబ్దం చివరలోగాని రాలేదు. కారణం సులభంగానే అర్థమవుతుంది: గోడ ఎక్కడికీ పోదు, నగ చేతులు మారుతుంది. అది నిజంగా ఉండేదా, విలువ ఎంత అన్నది తేల్చడం కష్టం.

మన దేశంలో తొలి సాధారణ బీమా సంస్థ ట్రైటన్ 1850లో కలకత్తాలో ఏర్పడింది. 1972 చట్టంతో సాధారణ బీమా జాతీయమైంది. 107 సంస్థలను నాలుగు కంపెనీల కిందికి తెచ్చారు. 1999 చట్టం ప్రైవేటు సంస్థలకు మళ్లీ తలుపు తెరిచింది. నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంది.

3. తార్నాక ఉదాహరణ

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న తార్నాకలో సొంత ఇంటివారూ, అద్దెకున్నవారూ కలిసి నివసిస్తారు. అక్కడ ఒక సొంత ఇంటిని ఊహించండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో భవనానికి రూ. 30 లక్షల బీమా ఉంటే, సాధారణ సామానుకు అందులో 20 శాతం, అంటే రూ. 6 లక్షల రక్షణ దానంతటదే వస్తుంది. దీని గరిష్ఠ పరిమితి రూ. 10 లక్షలు. అద్దెకున్నవారు భవనం లేకుండా సామానుకే బీమా తీసుకోవచ్చు.

అయితే నగలు, వెండి సామాను, చిత్రపటాలు ఈ 20 శాతంలో చేరవు. వాటికి ముందుగా అంగీకరించిన విలువతో అదనపు రక్షణ విడిగా కోరాలి. వరద, అగ్నిప్రమాదం వంటివి జరిగిన ఏడు రోజులలోపు, వాటివల్ల జరిగిన దొంగతనానికి పాలసీ వర్తిస్తుంది; మామూలు ఇంటి దొంగతనానికి వేరే రక్షణ కావాలి. బంగారం బ్యాంకు లాకర్‌లో ఉందని నిశ్చింతగా ఉండటానికీ వీలులేదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, ఉద్యోగి మోసం వంటి సందర్భాలలో బ్యాంకు బాధ్యత వార్షిక అద్దెకు 100 రెట్ల వరకే. వరద వంటి ప్రకృతి వైపరీత్యాలకు, బ్యాంకు నిర్లక్ష్యం లేనప్పుడు, ఆ బాధ్యతా ఉండదు.

4. సారాంశం

ఇంటి సొత్తు బీమా చరిత్ర రుజువు చరిత్ర కూడా. కొన్న రసీదు, ఫొటో, బరువు, విలువ నిర్ధారణ పత్రం ఉన్నప్పుడే హక్కు పరిహారంగా మారుతుంది. వాటి ప్రతులు ఇంటికి బయట కూడా ఉంచాలి. వరదలో నగతోపాటు రసీదు కూడా పోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సహాయానికీ బీమాకూ తేడా ఏమిటి?
2. భవనం బీమా రూ. 60 లక్షలైతే సాధారణ సామానుకు దానంతటదే వచ్చే రక్షణ ఎంత? (సూచన: గరిష్ఠ పరిమితి గుర్తుంచుకోండి.)