గుహ సాలెపురుగులు: కొత్త జాతి అని ఎలా తేలుస్తారు?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లాలో, కాంగేర్ లోయ జాతీయ పార్కులో ఉన్న కోటుంసర్ సున్నపురాతి గుహ జీవశాస్త్రవేత్తలకు బాగా తెలిసిన చోటు. రాయ్‌పూర్‌లోని పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం పరిశోధకులు, అదే నగరం కేంద్రంగా పనిచేసే నేషనల్ కేవ్ రీసెర్చ్ అండ్ ప్రొటెక్షన్ ఆర్గనైజేషన్‌కు చెందిన జయంత్ బిశ్వాస్ ఇక్కడి జీవులపై ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. చిమ్మచీకట్లో మొక్కలు పెరగవు. గబ్బిలాల రెట్ట, వరద నీటితో కొట్టుకొచ్చే చెత్తాచెదారమే ఆహారానికి ఆధారం. వాటిపై బతికే పురుగులను సాలెపురుగులు వేటాడతాయి.

గుహలో దొరికిన ప్రతి సాలెపురుగూ గుహజీవి కాదు. కొన్ని దారితప్పి వస్తాయి. కొన్ని లోపలా బయటా బతకగలవు. మూడో రకం మాత్రం గుహ దాటి మనలేదు. సాధారణంగా ఈ రకం సాలెపురుగుల రంగు పాలిపోయి, కళ్లు చిన్నవై లేదా పూర్తిగా పోయి, కాళ్లు సన్నగా, పొడవుగా ఉంటాయి.

అయితే పాలిపోయినంత మాత్రాన కొత్త జాతి అయిపోదు. కోటుంసర్‌లోని కళ్లు క్షీణించిన చేపే ఇందుకు ఉదాహరణ. అది బయటి వాగుల్లో ఉండే ఇండోరియోనెక్టెస్ ఎవెజార్డి జాతిదే. అదే గుహలోని కీచురాయిని మాత్రం 1977లో కెంపియోలా శంకరి అనే కొత్త జాతిగా వర్ణించారు.

సాలెపురుగుల విషయంలో తీర్పు చెప్పేది ప్రధానంగా జననాంగాలు. మగదానికి నోటి దగ్గరుండే చిన్న స్పర్శాంగాల చివరి నిర్మాణం, ఆడదానికి పొట్ట అడుగున ఉండే జననాంగం ఆకారం జాతిని బట్టి మారతాయి. పిల్లల్లో ఇవి పూర్తిగా ఏర్పడవు కాబట్టి ఎదిగినవే కావాలి. గుహల్లో వీటి సంఖ్య తక్కువ. ఒక్క మగది దొరకడానికి పలుమార్లు వెళ్లాల్సి రావచ్చు.

తర్వాత పోలిక మొదలవుతుంది. ప్రపంచవ్యాప్తంగా వర్ణించిన సాలెపురుగుల జాతులు 2022లో 50,000 దాటాయి. దగ్గరి జాతుల పాత నమూనాలను మ్యూజియంలలో చూడాలి, వీలైతే డీఎన్ఏ సరిపోల్చాలి. తేడా రుజువైతే వర్ణన ప్రచురించి, పేరుకు ఆధారంగా ఒక నమూనాను నిర్దేశిస్తారు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో ఉంచాలి.

మన దేశంలో ఈ పనికి వందేళ్ల చరిత్ర ఉంది. స్టాన్లీ కెంప్, చోప్రా 1922లో మేఘాలయలోని సిజు గుహను శోధించారు. అక్కడి సాలెపురుగులపై ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ ఫాజ్ 1924లో వ్యాసం ప్రచురించారు. తెలుగు నేల మీద నంద్యాల జిల్లా బెలుం గుహల భూగర్భజలంలో దొరికిన ఆంధ్రకాయిడెస్ గెబవేరి సాలెపురుగు కాదు, రొయ్యల వర్గానికి దూరపు చుట్టం. దాన్ని 2017లో వర్ణించారు. ఏటా వేలమంది నడిచే గుహలోనూ కొత్త జాతి దాగి ఉండొచ్చనడానికి అదే నిదర్శనం.

ఒకే గుహకు పరిమితమైన జాతికి ఆ గుహ దెబ్బతింటే మరో చోటు లేదు. దీపాలు, తొక్కిసలాట, రాతి తవ్వకం ఏదైనా చాలు. పేరు లేని జీవికి అంతరించే ముప్పున్న జాతుల జాబితాల్లో చోటు దక్కడం కష్టం. కోటుంసర్ వానాకాలంలో నీటి వల్ల సందర్శకులకు మూతపడుతుంది. కాంగేర్ లోయ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. సందర్శకులు పెరిగేలోగా లోపల ఏమేం బతుకుతున్నాయో నమోదు చేయడం ఇప్పుడు అత్యవసరం.