పరిచారికావిద్యకు ధనమెవ్వరిది? — చారిత్రక విచారణము

ఆయుర్వేదాచార్యులు చికిత్సకు నాలుగు పాదములని నిర్ణయించిరి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యను నీ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను చికిత్స కుంటుపడునని వారి మతము. చరకసంహితయందు, సూత్రస్థానమున, తొమ్మిదవ యధ్యాయములో పరిచారకునకు నాలుగు గుణములు చెప్పబడియున్నవి: ఉపచారజ్ఞానము, దక్షత, రోగియందు అనురాగము, శౌచము. వాగ్భటుడును అష్టాంగహృదయమున ఇంచుమించుగా ఈ గుణములనే చెప్పి వానికి బుద్ధిని చేర్చెను. రోగి యెట్టివాడై యుండవలెనో చెప్పునపుడు మాత్రము ఆతడు 'ఆఢ్యుడు', అనగా ధనవంతుడు, అను విశేషణమును ముందుగా నుంచెను. మందులకు డబ్బు కావలెనని ఆ మహానుభావుడెరుగును. కాని పరిచారకుడు ధనవంతుడై యుండవలెనని వారిరువురిలో ఎవ్వరును వ్రాయలేదు.

శాస్త్రమున లేని ఈ గుణము మన కాలమున పరిచారికకు ప్రథమగుణమైనది. నర్సు కావలెనని కోరివచ్చిన బాలికను దక్షత గలదా, అనురాగము గలదా యని యడుగుటకు ముందు, మొదటి సంవత్సరపు ఫీజు గలదా యని యడుగుచున్నాము. ఈ ప్రశ్న ఎప్పుడు పుట్టినది? ఎట్లు పుట్టినది? దానికి పూర్వులేమి సమాధానము చెప్పిరి? ఇదియే యీ వ్యాసమునకు విషయము. మహాసభకు విచ్చేసిన పెద్దలు ఓపికతో చిత్తగింతురని ప్రార్థన.

ముందుగా మన దేశపు సాక్ష్యమునే చూతము. గుంటూరు సీమలో మందడమునకు సమీపమున నున్న మల్కాపురమున 1261వ సంవత్సరపు శిలాశాసన మొకటి కలదు. కాకతి రుద్రమదేవి తన గురువైన విశ్వేశ్వరశివాచార్యులకు మందడము, వెలగపూడి గ్రామములను ధారపోసినట్లు అందున్నది. ఆ గ్రామముల ఆదాయములో దేవునకొక భాగము, విద్యార్థులతో కూడిన మఠమునకొక భాగము పోగా, మూడవ భాగము ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, అన్నసత్రమునకును ఏర్పరుపబడెను. చదువును, ప్రసవమును, రోగచికిత్సను ఒకే దానపత్రమున కూర్చిన ఆ దృష్టి మనము గమనింపదగినది. రోగిసేవకు ధనము సేవకుని యింటినుండి కాక సంఘము యొక్క బొక్కసమునుండి రావలెనని మన పూర్వులు ఏడువందల యేండ్లకు మునుపే యెరిగియుండిరి.

ఇక ఆధునిక పరిచారికావిద్యకు మూలపురుషుడని చెప్పుటకు వీలులేదు. మూలము ఒక స్త్రీ. ఫ్లారెన్సు నైటింగేలు 1854లో క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకు స్కుటారిలో సేవచేసినప్పుడు ఇంగ్లండు దేశము కృతజ్ఞతతో నొక నిధిని కూర్చెను. 1855లో ప్రారంభమైన ఆ నిధికి సైనికులు సహితము ఒకనాటి జీతము నిచ్చిరి. నలువదినాలుగువేల పౌనులకు పైగా ప్రోగైన ఆ ధనముతో 1860లో లండను సెయింటు తామసు ఆసుపత్రియందు పాఠశాల స్థాపింపబడెను. మొదట చేరినవారు పదునైదుగురు. వీరిలో నెవ్వరును ఫీజు కట్టలేదు. భోజనము, వసతి, దుస్తులు ఉచితము. పైగా సంవత్సరమునకు పది పౌనుల భృతి. దానికి మారుగా శిక్షణము ముగిసిన పిమ్మట కొన్ని యేండ్లు, నిధివారు పంపిన ఆసుపత్రిలో పనిచేయవలెను. స్తోమతు గల కుటుంబముల స్త్రీలు కొందరు తరువాతి కాలమున తమ భోజనవ్యయమును తామే చెల్లించి చేరిరి. పేదవారికి భృతి, కలవారికి వ్యయము. ఈ న్యాయము పుట్టుకనాడే ఏర్పడినదని మరువరాదు.

తరువాతి కథ యంత ధర్మముగా నడువలేదు. భృతియు భోజనమును ఇచ్చుచున్నామను మాటపై ఆసుపత్రులు విద్యార్థినులచేత వార్డులలో పగలు రాత్రి చాకిరి చేయించుకొనిరి. చదువు కొంచెము, పని యధికము. ఇంగ్లండునందును అమెరికాయందును అనేక ఆసుపత్రులు జీతపు నర్సులకు బదులుగా విద్యార్థినుల శ్రమమీదనే నడిచినవి. ఫీజు లేదన్నమాట నిజమే. ఆ ఫీజును బాలిక తన రెక్కలతో చెల్లించినది.

మన దేశమునకును ఈ పద్ధతియే వచ్చినది. మదరాసు సర్కారు జనరలు ఆసుపత్రియందు 1871లో నర్సుల శిక్షణ మారంభమైనది. 1885లో డఫరిన్ ప్రభువు భార్య పేరిట ఏర్పడిన నిధి, స్త్రీలకు స్త్రీలచేతనే వైద్యము జరుగవలెనని, వైద్యులకును నర్సులకును దాదులకును చదువు చెప్పించుటకు పూనుకొనెను. మిషనరీల ఆసుపత్రులు చేసిన కృషి మన తెలుగుసీమలో ప్రత్యక్షము. 1883లో గుంటూరు చేరిన డాక్టరు అన్నా కుగ్లరు అచ్చట స్త్రీల ఆసుపత్రిని నెలకొల్పెను. వెల్లూరునందు ఐడా స్కడ్డరు ఆసుపత్రిలో 1909లో నర్సుల పాఠశాల ప్రారంభమైనది. 1946లో అచ్చటనే నర్సింగునందు పట్టమునకు చదువు మొదలైనది.

ఆ కాలమున మన కుటుంబముల బాలికలీ పాఠశాలలకు ఎందుకు పోలేదు? ధనమొక్కటియే అడ్డు కాదు. అన్యుల శరీరమును తాకవలెను, మలమూత్రముల నెత్తవలెను, రాత్రులు ఇల్లు విడిచి యుండవలెను. ఇది మర్యాదస్థుల పని కాదని మనము తీర్మానించుకొంటిమి. క్రైస్తవకుటుంబముల బాలికలు, నిరాధారలైన వితంతువులు ఆ భారమును వహించిరి. మన రోగులు వారి చేతుల మీదనే స్వస్థులైరి. మన గౌరవము మాత్రము వారికి దక్కలేదు.

ఈ చిక్కును విప్పినవారిలో పూనా సేవాసదనము వారిని ముందుగా స్మరింపవలెను. 1909లో రమాబాయి రానడే, దేవధరు మొదలగువారు స్థాపించిన ఆ సంస్థ, హిందూ స్త్రీలను, అందును వితంతువులను, సాసూన్ ఆసుపత్రియందు నర్సు శిక్షణమునకు పంపెను. వారు కనుగొన్న ఉపాయము సులభమైనది: విద్యార్థినులకు తగిన వసతిగృహమును తామే నడపిరి. తల్లిదండ్రుల భయము ధనమును గూర్చి సగము, బిడ్డ ఎచ్చట పడుకొనునను దానిని గూర్చి సగము. వసతిగృహము రెంటికిని మందు. కులసంఘముల చరిత్ర నెరిగిన మనకు ఈ మాట క్రొత్తది కాదు. పట్టణమునకు చదువబోయిన మన పిల్లవాండ్రకు హాస్టళ్లు కట్టించుటతోనే గదా పెక్కు సంఘములు జీవము పోసికొన్నవి! అవి బాలురకు కట్టినవి, అంతియే భేదము.

ఇచ్చట చరిత్రలో నొక మలుపు కలదు. అమెరికాలో 1923లో వెలువడిన గోల్డుమార్కు నివేదిక, విద్యార్థినులను చవుక కూలీలుగా వాడుకొనుట విద్య కాదనియు, నర్సుల చదువు ఆసుపత్రి యవసరములనుండి విడివడి స్వతంత్రమైన విద్యగా నుండవలెననియు చెప్పెను. ఆ మాట సత్యము. మెల్లమెల్లగా లోకమంతటను నర్సింగు కళాశాలావిద్యయైనది. మన దేశమునను 1926 మదరాసు నర్సుల చట్టము, 1947 భారత నర్సింగు మండలి చట్టము ఆ విద్యకు నియమమును, గౌరవమును కల్పించినవి. 1946లో వెలువడిన భోరు సంఘపు నివేదిక, నలువదిమూడువేల మంది ప్రజలకు ఒక్క నర్సు మాత్రమే యున్నదని చెప్పి ప్రభుత్వమును మేల్కొలిపెను.

బాలిక చాకిరినుండి విముక్తురాలైనది. కాని ఆ చాకిరియే ఆమె ఫీజు గదా! చాకిరి తొలగినప్పుడు ఆ లెక్క ఎవ్వరు చెల్లింపవలెను? చెల్లించువారిని నిర్ణయింపకయే లెక్కను మార్చిరి. ఆ పత్రము తిరిగి తిరిగి పేదవాని గడపముందు వచ్చి పడినది. మా దృష్టిలో నేటి యిక్కట్టుకు మూలమిదియే.

ప్రభుత్వము తలచుకొన్నచో చెల్లింపగలదనుటకు నిదర్శనము కలదు. రెండవ ప్రపంచ యుద్ధమున నర్సులు చాలక, అమెరికా ప్రభుత్వము 1943లో కెడెట్ నర్సుల దళము నేర్పరచెను. ఫీజు, పుస్తకములు, దుస్తులు అన్నియు ప్రభుత్వమువే; నెలకు పదునైదు డాలర్లతో ప్రారంభించి క్రమముగా ముప్పదివరకు భృతి. యుద్ధము ముగియువరకు సేవచేయుదునను వాగ్దానము మాత్రమే మారుగా గైకొనిరి. ఒక లక్షా డెబ్బదితొమ్మిదివేల మంది చేరిరి. లక్షా యిరువదినాలుగువేల మంది చదువు ముగించిరి. దీనికి విపరీతమైన నిదర్శనమును ఇంగ్లండు చూపినది. నైటింగేలును గూర్చి గర్వించు ఆ దేశమే 2017లో నర్సు విద్యార్థుల భృతిని రద్దుచేసి అప్పు తెచ్చుకొని చదువుకొండనెను. ఆ సంవత్సరమే దరఖాస్తులు నూటికి ఇరువదిమూడు వంతున పడిపోయినవి. 2020లో సంవత్సరమునకు అయిదువేల పౌనుల చొప్పున సాహాయ్యమును మరల నీయవలసివచ్చెను.

ఇక మన యింటి లెక్కకు వత్తము. జనరల్ నర్సింగు డిప్లొమా మూడేండ్లు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేండ్లు. రక్షణశాఖవారి నర్సింగు కళాశాలలందు చదువు ఉచితము, భృతియు కలదు, తరువాత నియతకాలము సైన్యసేవ చేయవలెను. ఎయిమ్స్ మొదలగు ప్రభుత్వసంస్థలలో ఫీజు స్వల్పము. కాని అచ్చట సీట్లు కొలదిమందికే. తక్కినవారికి ప్రైవేటు కళాశాలలే గతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008 ప్రాంతమున విస్తరించిన ఫీజు రీయింబర్సుమెంటు ఎందరో పేదపిల్లలకు కళాశాల తలుపులు తెరచినది; అది కాదనరాదు. ఐనను ఆ సొమ్ము జాప్యమైనప్పుడు కళాశాలవారు తల్లిదండ్రులనే అడుగుదురు. హాస్టలు, యూనిఫారము, పుస్తకములు, పరీక్షరుసుము, శిక్షణకై ఆసుపత్రికి పోవు బస్సుచార్జీ, ఇవి వేరు. బీద కుటుంబము పెద్ద ఫీజువద్ద కాక ఈ చిల్లరవద్దనే తరచుగా కూలిపోవును. బ్యాంకు ఋణమందమా, చదివినవెంటనే దొరకు జీతము చాలక వాయిదాలు బరువగును. ఏబది పడకలకు లోబడిన ప్రైవేటు ఆసుపత్రులలోనైనను నర్సు జీతము నెలకు ఇరువదివేలకు తగ్గరాదని, సర్వోన్నతన్యాయస్థానపు ఆజ్ఞపై ఏర్పడిన సంఘము 2016లో సిఫారసు చేయవలసివచ్చినదన్నచో, జీతములెంత హీనముగా నున్నవో ఊహింపవచ్చును.

ఇంతవరకు పరుల చరిత్ర చెప్పితిమి. మా చరిత్ర కొంత చెప్పనిచో ఈ వ్యాసము దంభమగును.

1996లో మేము మన సంఘపు విద్యానిధి ఉపసంఘమున సభ్యులమై యుంటిమి. మా శిష్యురాలొకతె జనరల్ నర్సింగున సీటు సంపాదించి నిధికి దరఖాస్తు పెట్టుకొనెను. తండ్రి లారీమీద పనిచేయుచు నడుము దెబ్బతిని యింటపడియుండెను. తల్లి కూలికి పోవును. పాడి రెండు గేదెలు. నిధి సాహాయ్యము విశ్వవిద్యాలయ పట్టమునకు చదువువారికే యని నిబంధన. ఆ దరఖాస్తుపై 'నిబంధనకు లోబడదు' అని వ్రాసినది మా చేతివ్రాతయే. నిజము చెప్పవలెనన్న, నిబంధన మాకు సాకు మాత్రమే. మర్యాదస్థుల బిడ్డకు ఇట్టి పని యేల యని మా మనసులో నుండెను. చరకుని పాఠము చెప్పిన నోటితోనే మేమిట్లు తలచితిమి. ఆ యేడే మా బంధువుల కుమారునకు పట్టపుచదువునకై నిధినుండి సొమ్ము మంజూరైనది.

ఆ తల్లి ఒక గేదెనమ్మి మొదటి సంవత్సరపు ఫీజు, రెండవదానినమ్మి రెండవ సంవత్సరపు ఫీజు కట్టెను. మూడవ సంవత్సరమునకు గేదె లేదు. బాలిక ఇంటికి తిరిగివచ్చెను. బాకీ తీరువరకు ఆమె సర్టిఫికెట్లను బడివారు తమయొద్దనే యుంచుకొనిరి. నిరుడు మా యన్నగారిని ఒక పట్టణపు ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఆమె మమ్ము గుర్తించి నమస్కరించెను. నర్సు చేయు పనులు పెక్కు చేయుచు, ఆయా జీతము పుచ్చుకొనుచు అచ్చటనే యున్నది. పాతమాట ఒక్కటియు ఎత్తలేదు. వెడలునప్పుడు మాత్రము, "మాష్టారూ, మా తమ్ముడి కూతురు నర్సింగు చదువుతానంటోందండీ. మన సంఘంవాళ్లు ఇప్పుడు దానికి డబ్బులిస్తారాండీ?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి నిబంధనల పుస్తకము తీసిచూచితిమి. ఆ వాక్యము అట్లే యున్నది.

కావున ఈ మహాసభకు మా మనవి. మొదటిది, విద్యానిధి నిబంధనలో నర్సింగు డిప్లొమాను, పట్టమును సమానముగా చేర్పవలెను. రెండవది, ప్రభుత్వపు ఫీజు రాక ఆలస్యమైనప్పుడు నిధినుండి వడ్డీలేని బదులు ఇచ్చి, ఆ సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట తిరిగి తీసికొనవలెను. మూడవది, పదిమందికి మొదటి యేడు ఇచ్చి విడుచుటకంటె, ముగ్గురికి కడవరకు ఇచ్చుట మేలు. సగము చదువు సగము ఫలము నీయదు, అప్పును మాత్రము పూర్తిగా నిచ్చును. నాలుగవది, సొమ్ము కట్టుటకు ముందే ఆ కళాశాలకు నర్సింగు మండలి గుర్తింపు గలదో లేదో మనలో తెలిసిన పెద్దలు విచారించి చెప్పవలెను. అయిదవది, ఉద్యోగము దొరకిన పిమ్మట బాలిక తనకు వీలైన కొలది తిరిగి చెల్లించునట్లు ఏర్పాటుండవలెను గాని, ఏ బిడ్డ సర్టిఫికెటును మనము కుదువపెట్టుకొనరాదు.

చికిత్సకు నాలుగు పాదములన్నారు. వైద్యులను తయారుచేయుటకు మన సంఘము గర్వముతో ధనమిచ్చినది. మూడవ పాదమును గూర్చి మనము తలపనే లేదు. రేపు మన పడకప్రక్క రాత్రి మేల్కొనియుండునది ఆ మూడవ పాదమే. ఈ సభ ముగియులోపల ఆ యొక్క వాక్యమును దిద్దినయెడల, ఆ ఆసుపత్రికి మరల పోయి ఆమెకు బదులు చెప్పుదుము.